ఇంజను గదిలో ఎండబిళ్ళ

ప్రొద్దుటూరులో బస్సెక్కి వీరపునాయునిపల్లెలో దిగి, అక్కడి నుంచి షేరాటోలో సగం లోపల, సగం బయట కూర్చుని, చివరి కిలోమీటరు నడిచి మా చేను చేరేసరికి నా మోకాళ్ళు రెండూ మొరాయించాయి. తెచ్చుకున్న నీళ్ళసీసా దారిలోనే ఖాళీ అయింది. అరవై ఆరేళ్ళవాణ్ణి, రిటైరైన సోషల్ మాస్టరును, హాయిగా ఇంట్లో ఫ్యాను కింద పేపరు చదువుకోవలసినవాణ్ణి. అలాంటిది ఒక పాత గదిలో నేల పగలగొట్టించడానికి ఎండలో పడి వచ్చాను. ఎవరూ పంపలేదు. నేనే పంతం పట్టాను.

సంగతేమిటంటే, మా వైపు పొలాలకు చెరువు నుంచి పైపులైను వేస్తున్నారు. వారానికి ఒక రోజు నీళ్ళు వదులుతారట. ఆ రోజులో ఎవరికి ఎంతసేపు అని కొత్తగా తగువులు తీర్చే ఓపిక ఎవరికీ లేదు కాబట్టి, పాత బావుల్లో వాటాలు ఎలా ఉంటే నీళ్ళు అలాగే పంచుకోమన్నారు. మా బావి ఎండిపోయి ఇరవయ్యేళ్ళు దాటింది. ఇప్పుడందులో పావురాలున్నాయి, తుమ్మచెట్టు ఒకటుంది. అయినా దాని వాటాలకు మళ్ళీ ప్రాణం వచ్చింది.

వాటాలు రెండు. పొద్దుటి పూట ఓబులేసు వాళ్ళది. మధ్యాహ్నం నుంచి పొద్దు గుంకేదాకా మాది. నాకు తెలిసి ఎప్పుడూ ఇంతే. ఆ పూట నీళ్ళ మీదే నా మూడెకరాల చీనీ తోట, అదే బత్తాయి తోట, ఆధారపడి ఉంది. ఎనిమిది వందల అడుగుల బోరు ఈ వేసవిలో నీళ్ళకు బదులు గాలి ఊదింది. పైపు నీళ్ళు అందకపోతే వచ్చే ఏడాదికి ఆ చెట్లన్నీ పొయ్యిలోకే పనికొస్తాయి.

ఇలా ఉండగా పోయిన వారం గ్రామ సచివాలయంలో మీటింగు పెట్టారు. అందరి ముందూ గుల్జార్‌బీ లేచి నిలబడింది. నా తోట దిగువన ఆమెకు యాభై సెంట్లు ఉంది. చామంతి వేస్తుంది. మొగుడు పోయాడు, కొడుకు ఫయాజ్ కువైట్‌లో డ్రైవరు.

"మద్దేనం పూట అయివారిది కాదు. మా మామ ఇస్మాయిల్‌ది. ఆ ఇంజను రూము కట్టింది మా మామే. కట్టినందుకు కూలి తీసుకోల్యా, నీళ్ళు తీసుకున్యాడు. రూములో నేల మింద గీత కొట్టి, ఎవుర్ది ఎంతో గుర్తులు చెక్కినాడు. మోటరు దిమ్మె కింద ఉండాయి. కావాలంటే పగలగొట్టి సూసుకోండి," అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ముప్ఫై ఏళ్ళు వందల మంది పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి, ఒకరి నీళ్ళు దొంగిలించానని ఊరి ముందు చెప్పించుకున్నాను. "పగలగొట్టండి! ఎట్లాగూ వాల్వు కట్టడానికి ఆ గది తీసేస్తున్నారుగా. నా ఎదురుగానే పగలగొట్టండి. ఆ గుర్తులేవో నేనూ చూస్తాను," అని అరిచాను. నోరు జారిన తర్వాత వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు. నా భార్య లలిత పెళ్ళయిన నాటి నుంచీ ఇదే మాట అంటూ ఉంది.

గది దగ్గరికి నేను వెళ్ళేసరికి అందరూ వచ్చి ఉన్నారు. సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంటు తన్మయి చేతిలో ట్యాబు పట్టుకుని ఫోటోలు తీస్తోంది. జమ్మలమడుగు పిల్ల. మెడకు చున్నీ చుట్టుకుని, ఎండకు కళ్ళు చిట్లించి చూస్తోంది. ఓబులేసు గోడ నీడలో గొంతుక్కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. గుల్జార్‌బీ ఆడబిడ్డ కొడుకు ఇలియాస్ సమ్మెట, ఉలులు బయట పెడుతున్నాడు. తాత ఇస్మాయిల్ లాగే అతనిదీ బండపనే.

"శానా అలిసిపోయినావు అయివారా. ఇంద, నీళ్ళు తాగు," అని గుల్జార్‌బీ తన సీసా చాపింది.

"నా దగ్గర ఉన్నాయి," అన్నాను. సంచిలో ఖాళీ సీసా నాకే తగిలింది.

గది గురించి కాస్త చెప్పాలి. రేపటికి ఉండదు కాబట్టి చెప్పేవాళ్ళు కూడా ఉండరు. మొదట్లో ఇక్కడ కపిల ఉండేది. రెండెద్దులు వాలులో దిగుతూ ఎక్కుతూ తోలుబానతో నీళ్ళు తోడేవి. అరవై ఒకటిలో ఓబులేసు తాత జమ్మలమడుగులో ఎవరో అమ్ముకున్న ఆయిల్ ఇంజను కొని ఎద్దులబండి మీద తెచ్చాడు. ఇనుము కాబట్టి వానకు తడవకూడదు. దానికోసం ఇస్మాయిల్ ఈ గది కట్టాడు. పది అడుగులకు పన్నెండు. గోడలకు నిలువెత్తు నాపబండలు పక్కపక్కనే పాతి, సందుల్లో సున్నం కూరాడు. కప్పు కూడా బండలే. మధ్యలో రెండు రాతి కంబాలు ఆ బరువు మోస్తాయి. కర్ర అన్నది వేపచెక్క వాకిలి ఒక్కటే. బావి వైపు గోడలో పొడుగాటి సందు ఉంది. ఇంజను మీది బెల్టు ఆ సందులోంచి పోయి కింద గట్టు మీది పంపును తిప్పేది. నీళ్ళు దిగిపోయిన కొద్దీ పంపును కూడా ఒక్కో మెట్టు దించుతూ పోయారు. బావి లోపలి గోడకు అలా తొలిచిన గట్లు నాలుగున్నాయి. నాలుగో గట్టు తర్వాత దించడానికి ఏమీ మిగల్లేదు.

అరవై ఏళ్ళు దాటినా గోడ అంగుళం వంగలేదు. మా ప్రొద్దుటూరు ఇల్లు కట్టి పదిహేనేళ్ళు కాలేదు, అప్పుడే మిద్దె కారుతోంది.

కప్పులో పిడికిలి పట్టేంత గుండ్రటి బొక్క ఒకటుంది. వెలుతురు కోసమని నేననుకునేవాణ్ణి. మోటారు వచ్చాక వాన పడకుండా దాని మీద బండముక్క ఒకటి కప్పేశారు. ఇలియాస్ ముందుగా పైకెక్కి ఆ బండ తోశాడు. చీకటి గదిలోకి ఎండ కడ్డీలా దిగి, పడమటి వైపు నేల మీద అరచేయంత వెడల్పున గుండ్రంగా పడింది.

"ఎండబిళ్ళ అనెటోడు మా మామ. రెండిండ్లలో యాడా గడియారం ల్యా. బిళ్ళ గీత దాటితే వంతు మారినట్లు. కొట్టుకునే పని ల్యా," అంది గుల్జార్‌బీ.

పాఠం చెప్పిన బుర్ర కదా, అంత కోపంలోనూ నాకు ముచ్చటేసింది. బొక్కలోంచి తూకంగుండు వేలాడదీసి, దాని కింద ఉత్తర దక్షిణాలుగా గీత కొడితే చాలు. ఏ కాలమైనా సరే, నడి మధ్యాహ్నం ఎండబిళ్ళ ఆ గీత మీదే ఉంటుంది. బడికి వెళ్ళని మనిషి ఇది కనిపెట్టాడు. నేను ముప్ఫై ఏళ్ళు ఈ గదిలోకి వస్తూ పోతూ ఉండి, ఆ బొక్కను చూసి వెలుతురు కోసమనుకున్నాను.

"గీత ఉంటే ఉండనీ. గీతకు అటు ఓబులేసు వాళ్ళది, ఇటు మాది. మా నాయన భూమితో పాటు నీళ్ళ వాటా కూడా కొన్నాడు," అన్నాను.

"నాకు తెలిసి నాది మాత్రం పొద్దున పూట సామీ. ఆ పక్క మీరు మీరు సూసుకోండి. తొందరగా కానీండి, గొర్లకు నీళ్ళు పెట్టాల్సుండాది," అన్నాడు ఓబులేసు.

డెబ్భై తొమ్మిదిలో కరెంటు వచ్చింది. అప్పుడు మా నాయన ఇంజను తీసేసి మోటారు పెట్టించాడు. దాని కోసం గది నడిమధ్యన సిమెంటు దిమ్మె పోయించాడు. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటారు వేయాలి కాబట్టి ఎండబిళ్ళతో పని లేకుండా పోయింది. పూటల లెక్క పోయి రోజుల లెక్క వచ్చింది, ఒక రోజు వాళ్ళు, ఒక రోజు మేము.

ఇలియాస్ సమ్మెట ఎత్తాడు. నాయన పోయించిన దిమ్మె నాయన లాగే మొండిది. అరగంటసేపు పెళ్ళలు తప్ప ఏమీ రాలేదు. గదినిండా సిమెంటు దుమ్ము. తన్మయి చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను కంబానికి ఆనుకుని నిలబడ్డాను. కూర్చుంటే మళ్ళీ లేవలేనని భయం. నిజానికి అప్పటికే నాకు ఎవరు గెలిచినా ఫరవాలేదనిపించేంత విసుగు వచ్చింది. వాకిట్లోంచి చూస్తే కలమల్ల వైపు థర్మల్ పవర్ స్టేషను గొట్టాల పొగ మబ్బులో కలుస్తోంది. ఇక్కడ ఎనిమిది వందల అడుగులు తవ్వినా చుక్క పడదు కానీ ఆ పొగ మాత్రం ఏనాడూ ఆగలేదు.

దిమ్మె రెండుగా చీలింది. ఇలియాస్ గడ్డపార వేసి ఒక పక్కను ఎత్తాడు. అది కింది బండకు అంటుకోకుండా, పెచ్చులా లేచి వచ్చింది.

"అయివారా, ఈడ ఏందో గుడ్డ ఏసినారే," అన్నాడు.

వంగి చూశాను. సన్నటి ఇసుక పొర, ఇసుక మీద మడత పెట్టిన మందపాటి గుడ్డ. ఇలియాస్ మెల్లగా విప్పాడు. అంచులు పొడిపొడిగా రాలాయి. నడుమ మాత్రం రంగులింకా ఉన్నాయి, నీలం, పసుపు, గులాబి. అది పటం. బడిగోడకు తగిలించే గుడ్డపటం. పాత మద్రాసు రాష్ట్రం. నేను నాలుగో తరగతిలో ఉండగా అది మా బడి బీరువా మీద చుట్ట చుట్టి పడి ఉండేది. పనికిరాదని పక్కన పెట్టిన పటం. దాన్ని ఇక్కడికి తేగలిగిన మనిషి ఆ ఊళ్ళో ఒక్కడే, ఆ బడి హెడ్మాస్టరు. మా నాయన.

బడి నుంచి చాక్‌పీసు ముక్క జేబులో వేసుకొచ్చానని నన్ను వీపు చిట్లేలా కొట్టిన మనిషి ఆయన.

"ఇది తెలిసే ఏసినారు. కిందుండేదానికి సిమెంటు అంటగూడదని. ల్యాకుంటే గుర్తుల్లోకి సిమెంటు పాలు దిగి పూడిపోయేటివి," అన్నాడు ఇలియాస్. ఇసుకను అరచేత్తో తోశాడు. గీత కనిపించింది. కొసలు చెదరకుండా తిన్నగా ఉంది. దానికి పడమటి పక్కన చిన్న నాగలి చెక్కి ఉంది. తూర్పు పక్కన సుత్తి.

మూడోది లేదు. నేను ఇసుకంతా తోయించాను. నేనే మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో తడిమాను. నాగలి ఓబులేసు తాతది. సుత్తి బండపనివాడిది. బడిపంతులుకు ఏ గుర్తు చెక్కేవాళ్ళో నాకు తెలియదు, ఎందుకంటే అక్కడ చెక్కలేదు.

ఎండబిళ్ళ గీతకు జానెడు దూరంలో ఉంది.

తన్మయి నా పక్కన కూర్చుని ఫోటో తీసింది. "సార్, మేస్త్రీలు పని అయిపోయినాక తమ గుర్తు చెక్కుకుంటారు కదా. గుళ్ళలో కూడా ఉంటాయి. ఈ సుత్తి అట్లాంటిదేనా? మధ్యాహ్నం వాటా మీ పేరు రాయమంటారా? పెద్దవాళ్ళు, మీకు తెలిసే ఉంటుంది. మీరు ఏం చెప్తే అది రాస్తాను," అంది. కుట్రేమీ లేదు ఆ పిల్ల మాటలో. నిజంగానే అడిగింది.

నిజంగానే అది చాలు. కట్టినవాడి సంతకం అంటే ఎవరు కాదంటారు? కాగితం లేదు. ఇస్మాయిల్ కువైట్ పోయి అక్కడే చనిపోయాడు, ఆ దేశంలోనే మట్టి చేశారు. ఓబులేసు బీడీ పారేసి కూడా చూడడు. గుల్జార్‌బీ వేలిముద్ర మనిషి. ఒక్క మాటతో నా మూడెకరాలు బతుకుతాయి. ఆ మాట నా నాలుక మీదికి వచ్చింది. రాలేదని అబద్ధం చెప్పను.

గుల్జార్‌బీ నా వైపు చూడలేదు. పటం ముక్కను చూస్తూ, "పెద్దయివారు మంచోడు. బుట్ట తెచ్చినన్నాళ్ళు మేం నోరు తెరసల్యా," అంది.

"ఏ బుట్ట?" అన్నాను. ఏ బుట్టో నాకు తెలుసు.

తోట తొలికోతలో మొదటి బుట్ట ఇస్మాయిల్ ఇంటికి పోవాలి. మా నాయన నియమం అది. జీతగాళ్ళున్నా వాళ్ళకివ్వడు. కండువా చుట్ట చేసి భుజం మీద పెట్టుకుని, దాని మీద బుట్ట పెట్టుకుని అరమైలు నడిచి వెళ్ళేవాడు. వాకిట్లో దించి, "అమ్మా, దాహంగా ఉంది, నీళ్ళియ్యండి," అని అడిగి మరీ తాగేవాడు. పంచాంగం చూసే ఇంటి మనిషి, హెడ్మాస్టరు, సాయిబుల వాకిట్లో బుట్ట దించి చెంబెత్తి నీళ్ళు తాగుతుంటే ఊరంతా చూసేది. నాకు తలకొట్టేసినట్టుండేది. ఇస్మాయిల్ పోయినా ఆయన మానలేదు. బావి ఎండి, తోట బోరు మీదికి మారినా మానలేదు. ఊరికే దానధర్మమనుకున్నాను. పెద్దవాడికి చాదస్తమనుకున్నాను.

ఆయన పోయాక రెండేళ్ళు ట్రాక్టరు డ్రైవరుతో పంపాను. మూడో ఏడు కాపు తగ్గింది. బావి నీళ్ళే లేనప్పుడు ఇంకా ఈ మర్యాదలెందుకని ఆపేశాను. పన్నెండేళ్ళయింది.

"మా మామ డెబ్భై నాలుగులో కువైట్ పోతా పోతా, నేనొచ్చేదాకా నా వంతు నువ్వు పారించుకో అయివారా అని పెద్దయివారికి చెప్పి పోయినాడంట. మా అత్త చెప్పేది. బుట్ట వస్తాంది గదా, మాట నిలబడే ఉండాదిలే అనుకుంటిమి. బుట్ట ఆగింది. అయినా నీళ్ళే లేని బావికి ఏం కొట్లాడేదని ఊరికుంటి. ఇప్పుడు నీళ్ళొస్తాండాయి గాబట్టి అడిగినా," అంది గుల్జార్‌బీ.

డెబ్భై నాలుగు. మా నాయన చీనీ మొక్కలు మొదటిసారి నాటింది డెబ్భై అయిదులో. అంతకు ముందు ఆ చేలో వానకు పండే వేరుశనగ తప్ప ఏమీ వేయలేదు. ఈ రెండు సంవత్సరాలూ నాకు ఎప్పటి నుంచో తెలుసు. ఏ యుద్ధం ఎప్పుడు జరిగిందో, ఏ రాజు ఎప్పుడు పోయాడో వందల మందికి బట్టీ పట్టించాను. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడటం మాత్రం నాకు తోచలేదు. తోచకపోవడమే నాకు లాభం కాబట్టి తోచలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

అప్పటికి ఎండబిళ్ళ గీత మీదికి వచ్చింది. మేం చూస్తుండగానే దాటింది. నాగలి నీడలోకి పోయింది. సుత్తి మీద ఎండ పడింది.

"రాసుకో తల్లీ. మధ్యాహ్నం నుంచి పొద్దు గుంకేదాకా షేక్ ఇస్మాయిల్ వాటా. ఇప్పుడు ఆయన కోడలు గుల్జార్‌బీది. మా నాయన ఈ పూట కొనలేదు, అడిగి వాడుకున్నాడు. నాకు తెలుసని నా పేరు, సూర్యనారాయణ, రిటైర్డ్ టీచరు, సాక్షిగా రాయి," అన్నాను.

తన్మయి నా మొహం చూసింది. "మీ వాటా సార్?"

"లేదు."

ఆమె ట్యాబులో కొట్టుకుంది. గుల్జార్‌బీ వేలిముద్ర మొదటిసారి పడలేదు, చామంతులు కోసీ కోసీ వేళ్ళు అరిగిపోయాయి. నాలుగోసారికి పడింది. నేను సాక్షి సంతకం చేశాను. ఓబులేసు లేచి పంచె దులుపుకుని, "అయిపాయ గదా," అని గొర్ల వైపు వెళ్ళిపోయాడు. ఆయన పూట ఆయనకుంది.

ఇక నా చెట్ల సంగతి మిగిలింది. అడగడానికి సిగ్గుగా ఉంది. అడగకపోతే అవి చస్తాయి. "గుల్జార్‌బీ, నీది యాభై సెంట్లే కదా," అని మొదలుపెట్టి ఆగిపోయాను.

ఆమె నన్ను తేలిగ్గా వదల్లేదు. సుత్తి గుర్తు మీది దుమ్ము కొంగుతో తుడిచింది. తర్వాత అంది: "నా చామంతి తడిసినాక మిగిలింది నీ చెట్లకు ఇడుస్తా. మా మామ మాట నేను తీసెయ్యను. మా అన్నాదమ్ములు వద్దంటారు, అననీ. కాకుంటే బుట్ట రావల్ల."

"పంపిస్తాను. ఈసారి మొదటి కోతకే పంపిస్తాను."

"పంపేది గాదు అయివారా. మీ నాయన ఎట్ల తెచ్చెటోడో అట్ల తే," అంది.

తోట నుంచి ఆమె ఇల్లు అరమైలు. నా మోకాళ్ళ సంగతి ఆమె పొద్దుటి నుంచీ చూస్తూనే ఉంది. మా నాయన డెబ్భై దాటాక కూడా మోశాడు.

ఇలియాస్ పనిముట్లు సంచిలో సర్దుకుంటున్నాడు. రేపు జేసీబీ వస్తుందట. ఆ గుర్తులున్న బండను మాత్రం ఊడదీసి అత్తమ్మ వాకిట్లో పరుస్తానన్నాడు. తన్మయి సరేనంది. కాయ ఇంకా పసరుగానే ఉంది, బుట్టకు నెలన్నర పడుతుంది. అంతవరకూ నేను చేయగలిగింది ఒకటే ఉంది.

కంబం పట్టుకుని లేచాను.

"గుల్జార్‌బీ, దాహంగా ఉంది. నీళ్ళియ్యమ్మా."

ఆమె సీసా మూత తీసి ఇచ్చింది. నీళ్ళు ఎండకు వేడెక్కి ఉన్నాయి. ఆపకుండా మొత్తం తాగాను.